గ్రీన్ పార్కు సరే, వాగు ఎటు పారుతోంది?

చౌటుప్పల్ మండలంలో ఒక రైతు తన బోరు నీళ్లు స్టీలు చెంబులో పట్టి నా ముందు పెట్టాడు. కాసేపు కదపకుండా ఉంచితే పైన సన్నగా తెట్టు కట్టింది. "ఇది రెడ్డు కంపెనీదా, గ్రీను కంపెనీదా అంటే నీళ్లు చెప్తయా సారూ?" అన్నాడు. ఆ మండలంలోనే, విజయవాడ హైవే పక్కన, దండుమల్కాపూర్ గ్రీన్ ఇండస్ట్రియల్ పార్కు ఉంది. చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం సుమారు 440 ఎకరాల్లో మొదలుపెట్టి 2019 నవంబరు 1న ప్రారంభించారు. తెట్టు పార్కు రాకముందు నుంచీ ఉందని ఆ రైతే చెప్పాడు. చుట్టుపక్కల మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలు అంతకుముందే వచ్చాయి మరి.

కాలుష్యం లేని పరిశ్రమలకు విడిగా చోటు ఇవ్వడం మంచి ఆలోచన. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఆ చోటును ఎలా ఎంచుతున్నామన్నదే నా బాధ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను రంగుల వారీగా విడగొడుతుంది. 2016 లెక్కలో కాలుష్య సూచీ 60, ఆపైన వస్తే రెడ్, 20 లోపు వస్తే వైట్. ఆ రెండిటి మధ్య ఆరెంజ్, గ్రీన్. తర్వాత హద్దులు మార్చారు గానీ పద్ధతి అదే. ఈ రంగు పరిశ్రమ రకానికి ఇచ్చేది. ఆ షెడ్డు ఏ నేల మీద ఉంది, దాని పక్కన ఎవరున్నారు అన్నది అందులోకి రాదు. వందల షెడ్లు ఒకే వాలులో చేరితే వాటి మురుగు, జనరేటర్ల పొగ, లారీల రాకపోకలు అన్నీ కలిపి ఎంతవుతాయో ఏ రంగూ చెప్పదు. ఇంకో చిక్కు ఉంది. ఇనుప పని చేసే చిన్న షెడ్డు, ఆర్డర్ వచ్చిందని ఒక యాసిడ్ తొట్టి పెట్టి ప్లేటింగ్, అంటే లోహపు పూత పని, మొదలుపెడితే అక్కడితో అది రెడ్. బోర్డు మీద మాత్రం గ్రీన్ అనే ఉంటుంది.

చోటు తప్పితే ఏమవుతుందో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు పారిశ్రామికవాడ చెబుతుంది. అక్కడి వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరలో కలిశాయి. చివరికి 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని మూసీ పక్కనున్న అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అంటే మంజీర భారాన్ని మూసీకి మళ్లించాం. మన నేల రాతినేల. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు పాడైతే కిందివి మిగలవు. రాతి పగుళ్లలోకి దిగిన విషాన్ని బయటికి తీయడం మన తరం వల్ల కాదు.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ఇంకో పాఠం. దుస్తులు కుట్టడం శుభ్రమైన పనే. అయినా 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో, అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని దుస్తుల యూనిట్‌లో విషవాయువు పీల్చి వందల మంది మహిళలు ఆసుపత్రుల పాలయ్యారు. అదే అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. వేల మంది ఆడవాళ్లు పనిచేసే కుట్టు యూనిట్లనూ రసాయన కర్మాగారాలనూ ఒకే జోన్‌లో ఎందుకు ఉంచాలి? కుట్టుపని, ప్యాకింగ్, ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లాంటివి ఊరి దగ్గరే ఉండొచ్చు. తెల్లారకముందే బాక్సు సర్దుకుని కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే అమ్మాయికి రోజూ రెండు మూడు గంటలు మిగులుతాయి. దూరంగా ఉండాల్సింది రెడ్ పరిశ్రమలు. మనం భూమి ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ అన్నిటినీ కలిపేస్తున్నాం.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 175 నియోజకవర్గాల్లోనూ చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) పార్కులు పెడతామంటున్నారు. 2025 మే 1న నెల్లూరు జిల్లా ఆత్మకూరు నియోజకవర్గంలోని నారంపేటలో ఒకటి ప్రారంభమైంది. మిగతా చోట్ల ప్లాట్లు కొట్టకముందే ఆ లేఅవుట్‌ను పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించాలి. సర్వే నంబర్లు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు వాగు ఎటు పారుతుందో, కింద ఏ చెరువుందో, రెడ్ పరిశ్రమ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కూడా అందులో గీయాలి. ఆ గీతల్ని చదవడానికి ఇంజనీర్ అక్కర్లేదు, ఊళ్లో చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరుగట్టు పని చేసిన మనిషి చాలు.