ఏడు వందల కిలోలకు ఎదురుగా ఒక సీసా

ఎవరి నమూనా గొప్పదన్న తగాదా మా అక్క పిల్లలిద్దరి మధ్య బడి వైజ్ఞానిక ప్రదర్శనకు ఎంతో ముందే మొదలై, హనుమకొండలోని మా ఇంట్లో అన్నం కంచాల దాకా పాకింది. పెద్దమ్మాయి థర్మాకోల్ మీద దూది అంటించి ధ్రువపు ఎలుగుబంటిని చేసింది; చిన్నవాడు వడ్డేపల్లి చెరువు నుంచి సీసా నిండా పచ్చటి నీళ్లు పట్టుకొచ్చి, ఇందులో శైవలాలు, అంటే పాచి జీవులు, ఉన్నాయని ప్రకటించాడు. మగ ఎలుగుబంటి 700 కిలోల దాకా తూగుతుందని, సీలు వాసనను కిలోమీటరు దూరం నుంచే పసిగడుతుందని అక్క చదివి వినిపిస్తే, తన జీవి మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదని తమ్ముడు అంతకంటె గర్వంగా చెప్పుకున్నాడు. లేకపోవడాన్ని అర్హతగా చూపే ఈ పద్ధతిని నేను అంతకుముందు ఎన్నికల సభల్లోనే విన్నాను.

"గంత పెద్ద గుడ్డెలుగుతోని నీ పాశినీళ్లకు పోటీ ఏందిరా?" అని మా అమ్మ అడిగింది.

ఆర్కిటిక్ సముద్రపు మంచు అడుగున పెరిగే శైవలాలను కంటికానని జలచరాలు తింటాయని, వాటిని కాడ్ చేపలు, చేపలను సీళ్లు, సీళ్లను ఎలుగుబంటి తింటాయని వాడు వరసగా అప్పజెప్పి, "నా పాశి లేకుంటె అక్క గుడ్డెలుగు ఉపాసమే, అమ్మమ్మా" అన్నాడు. నలభయ్యేళ్లుగా ఇంటిల్లిపాదికీ వండిపెడుతున్న మా అమ్మ ఆ క్షణమే పాశి పక్షాన చేరిపోయింది.

ప్రదర్శన రోజున ఎలుగుబంటి అక్క ఒడిలో, సీసా తమ్ముడి చేతిలో, ఇద్దరి నడుమ నేను ఆటో ఎక్కాము. లోపలి జీవులకు గాలి ఆడాలన్న దయతో వాడు మూతను వదులు చేసి ఉంచిన సంగతి, స్పీడ్ బ్రేకర్ మీద ఆటో ఎగిరినప్పుడు బయటపడింది. దూది నీటిని పీల్చుకోవడంలో ఏ లోటూ చేయలేదు. తల నుంచి తోక దాకా పచ్చబడి, చెరువు కంపు కొడుతున్న ఆ జంతువును చూసి ఆటో ఆయన, "ఇప్పుడు మనదిక్కు ఎలుగు లెక్కున్నది" అని మెచ్చుకోవడంతో పిల్ల ఏడుపు రెట్టింపైంది.

అప్పుడు నాకు అమెరికాలోని శాండియాగో జంతుప్రదర్శనశాల గుర్తుకొచ్చింది. అక్కడి మూడు ధ్రువపు ఎలుగుబంట్లు పచ్చబడ్డాయని, బోలుగా ఉండే వెంట్రుకల లోపల శైవలాలు కాపురం పెట్టడమే కారణమని 1979లో 'నేచర్' పత్రికలో వచ్చింది. 2004లో సింగపూర్‌లోనూ ఇదే జరిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగారు. అసలు ఆ వెంట్రుకలకు రంగే లేదని, అడుగున చర్మం నలుపని చెప్పేసరికి పిల్ల కళ్లు తుడుచుకుని స్కెచ్ పెన్ అడిగింది. బడి గేటు దగ్గరే అట్టముక్క మీది పేరుకు ముందు "జంతుప్రదర్శనశాలలోని" అన్న మాట చేరింది.

ఇంత సహజమైన రంగు రావడానికి ఎంత సమయం పట్టిందని న్యాయనిర్ణేత అడిగితే, "ఒక్క స్పీడ్ బ్రేకర్, సార్" అని తమ్ముడు జవాబిచ్చాడు.

బహుమతిగా రెండు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. రంగు తనదే గనుక సగం వాటా కావాలని వాడు పట్టుబట్టడంతో, మా అమ్మ చెరో గిన్నె పంచింది; మూతను మాత్రం వాడి చేతికి ఇవ్వరాదని అక్క షరతు పెట్టింది.