అక్కడ లీగలే కదా, బాబాయ్?

మొన్న సంక్రాంతికి విశాఖ వెళ్ళాను. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మా అన్నయ్య కొడుకు అడిగాడు. "బాబాయ్, సైలోసైబిన్ పుట్టగొడుగులు కొంచెం కొంచెం తీసుకుంటే ఏకాగ్రత పెరుగుతుందట కదా? మీ అమెరికాలో లీగలే అంట."

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, గేట్ టెన్షన్. తిట్టబోయి ఆగాను. అమెరికా నుంచి ఇలాంటి కబుర్లు సగం సగం మోసుకొచ్చేది మనమే.

ఆ పుట్టగొడుగుల్లోని మత్తు పదార్థమైన సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్ళాక సైలోసిన్‌గా మారుతుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే 5-హెచ్‌టీ2ఏ అనే గ్రాహకాలకు అతుక్కుంటుంది. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు దారీ అదే. పిల్లాడు లెక్క చేస్తున్నప్పుడు ఫ్యాను చప్పుడూ వీధిలో హారనూ వాడి చెవికెక్కవు. మెదడు వాటిని వడకట్టేస్తుంది. ఈ మందు ప్రభావంలో ఆ జల్లెడ వదులైపోతుంది. గోడ మీద మరక కూడా పిలిచినట్టుంటుంది. నాలుగు అంకెలు మనసులో పెట్టుకుని కూడటం కష్టమవుతుంది, డోసు పెరిగేకొద్దీ మరీను. పాత జ్ఞాపకాలు మాత్రం కన్నీళ్ళతో సహా పైకి రావచ్చు. డిప్రెషన్ చికిత్సలో డాక్టర్లకు ఆసక్తి కలిగించేవాటిలో అదొకటి. ఆ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది. కానీ అది పరీక్షకు పనికొచ్చే జ్ఞాపకం కాదు.

2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఒక్క పెద్ద డోసు తర్వాత, కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కూ డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌కూ (మనం ఊరికే ఆలోచనల్లో ఉన్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాలు) మధ్య అనుసంధానం కొన్ని వారాలు తగ్గే ఉంది. చూసింది ఏడుగురినే, అదీ నిజమే. మరి చిన్న డోసో? 2021లో 191 మందితో చేసిన ప్రయోగంలో మందు లేని ఖాళీ క్యాప్సూళ్ళు మింగినవాళ్ళకూ దాదాపు అంతే మేలు కనిపించింది.

ఇక లీగల్ మాట. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండినవాళ్ళు, లైసెన్సున్న కేంద్రంలో, పక్కన మనిషి ఉండగా తీసుకోవాలి. ఇంటికి తెచ్చుకోకూడదు. అమెరికా కేంద్ర చట్టంలో ఇంకా నిషేధమే. మన దగ్గర మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం, ఇదే దారిలో పనిచేసే ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాము దాటి దొరికితే వాణిజ్య పరిమాణమే, కనీసం పదేళ్ళ జైలు.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఈ మందుల ప్రయోగాల్లోకి తీసుకునే ముందు ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బు ఉందేమో అడుగుతారు. ఉంటే, ఈ మందు దాన్ని రేపవచ్చన్న భయంతో సాధారణంగా తీసుకోరు. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్నకు జవాబు పిల్లలకు తెలుసా?

ఆ రాత్రి వాడికి మా చిన్నాన్న సంగతి చెప్పాను. ఆయనకు ఆ జబ్బు ఇరవై ఏళ్ళ వయసులో మొదలైంది, చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో చాలాకాలం వైద్యం జరిగింది. వాడికీ ఇప్పుడు ఇరవయ్యే. అంతవరకూ తన చిన్నతాత జ్వరంతో పోయాడనే అనుకున్నాడు. ఎందుకు చెప్పావని అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.