చిప్పేసిన పీఎస్2తో పెరిగినోడి సొద

నిన్న సాయంత్రం మా అక్క కొడుకు పీఎస్4 (సోనీ వాళ్ళ గేములాడే పెట్టె, అదే కన్సోల్) కంట్రోలర్ స్టిక్ దానంతటదే పక్కకి లాగేస్తుంటే, వాణ్ణి వెంటబెట్టుకుని ట్రంక్ రోడ్డు పక్క సందులో రిపేర్ షాపుకి పొయ్యా. ఆ అబ్బయ్య కంట్రోలర్ వంక కూడా చూళ్ళా, "అన్నా, కన్సోల్ కూడా తెచ్చేయ్, జైల్‌బ్రేక్ చేసి హార్డ్‌డిస్క్ నిండా గేములేసిస్తా" అన్నాడు. జైల్‌బ్రేక్ అంటే పెట్టెకి కంపెనీవోడేసిన లాక్ పగలగొట్టడం. ఇదే మా గ్రూపులో పెడితే రెండు గంటలు కొట్టుకున్నారు, ఒకడేమో దొంగతనం అంటాడు, ఇంకోడు డబ్బులుపెట్టి కొన్న పెట్టె నా ఇష్టం అంటాడు, ఇద్దరూ దొంగ గేములాడటం, సొంత పెట్టె విప్పుకోవడం అనే రెండు వేరే విషయాల్ని ఒకే గంపలో పోసి కలబెడుతుండారు.

నేనేం సుద్దపూసని కాదులే. 2006లో మా నాయన మద్రాసు బర్మా బజార్‌లో పీఎస్2 కొనిచ్చాడు, లాక్‌ని దాటించే చిప్పు ముందే వేసుంది. కాపీ డిస్కు యాభై, అరవై రూపాయలు. ఇంట్లో ఒరిజినల్ ఒకే ఒక్కటి, అమెరికా నుంచి మా బావ తెచ్చింది. మనకమ్మే పీఎస్2 యూరప్ రకం, అమెరికా డిస్కు దాంట్లో ఆడదు, చిప్పు ఉండబట్టి ఆడింది. తమాషా చూడండి, దొంగ డిస్కుని ఆడించేదీ అదే చిప్పు, మా బావ బిల్లు కట్టి తెచ్చినదాన్ని ఆడించేదీ అదే చిప్పు. ఆస్ట్రేలియాలో చిప్పులేసే ఒకాయన మీద సోనీ కేసేస్తే 2005లో అక్కడి హైకోర్టు (వాళ్ళకి సుప్రీంకోర్టు లాంటిది అదే) ఆ లాక్ కాపీ చేయడాన్ని ఆపట్లేదు, కాపీ అయినదాన్ని ఆడకుండా ఆపుతుందంతే, కాబట్టి చిప్పు తప్పు కాదని తేల్చింది. తర్వాత చట్టం మార్చుకున్నారనుకోండి.

కానీ 2009లో హైదరాబాద్ కంపెనీ అరోనా పీఎస్2కి హనుమాన్ గేమ్ చేసింది, పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి కన్సోల్ గేమ్ అని చెప్పుకున్నారు దాన్ని. దాన్ని కూడా నేను కాపీ డిస్కే ఆడా. గేమ్ అంతంతమాత్రం, అది వేరే సంగతి, మనోళ్ళు చేశారు గదా అని ఒక్క ఒరిజినల్ కొన్నానా? కొన్లా. దీనికి పోయి కన్స్యూమర్ రైట్స్ అని పేరెట్టాలంటే నాకే సిగ్గేస్తుంది.

అట్టాగని కంపెనీలు నీతులు చెప్తే ఒళ్ళు మండుద్ది. పీఎస్3లో లైనక్స్ (కంప్యూటర్లో విండోస్ లాంటిది) వేసుకోవచ్చని చెప్పి అమ్మారు, 2010 ఏప్రిల్ 1న అప్‌డేట్ పేరుతో పీకేశారు, అప్‌డేట్ వద్దన్నోడికి ఆన్‌లైన్ లేదు. నింటెండో అనే ఇంకో గేముల కంపెనీ 2023 మార్చిలో తన పాత పెట్టెలు 3డీఎస్, వీ యూలకి గేములమ్మే ఆన్‌లైన్ షాపులు మూసేసింది. 2025లో అమెరికాలో వాడేవాళ్ళతో చేసుకునే అగ్రిమెంట్ మార్చి, మా రూల్స్ దాటి మార్పులు చేస్తే మిషన్ శాశ్వతంగా పనికిరాకుండా చేయొచ్చు అని రాసుకుంది! మా చేలో మోటర్ కాలితే నాయన వైండింగ్ చేయిస్తాడు, కంపెనీవోడొచ్చి ఎవర్నడిగి విప్పావని మోటర్ ఆపేస్తే ఊరుకుంటామా?

ఈ విషయంలో మన చట్టమే నయం. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు, లాక్ పగలగొడితే రెండేళ్ళదాకా జైలు, అయితే కాపీరైట్ హక్కుల్ని దెబ్బకొట్టే ఉద్దేశంతో పగలగొడితేనే. నేను గ్రూపులో అరిచి చచ్చింది కూడా ఇదే, పెట్టె దేనికి విప్పావో అది అడగండ్రా అని. కొత్త గేమ్ ఐదు వేలంటే ఎవడు కొంటాడని ఒకడి ఏడుపు, నిజమే, నేనూ కొనను, సెకండ్‌హ్యాండ్ డిస్కు కొని ఆడి మళ్ళీ అమ్మేస్తా. అదీ ఉండనిచ్చేట్టు లేరు, డిస్కు డ్రైవే లేని పెట్టెలు దించుతుండారు.

షాపు అబ్బయ్యకి "గేములొద్దులే, స్టిక్ ఒకటి మార్చు చాలు" అన్నా. నన్ను ఎగాదిగా చూసి, నాలుగొందలవుద్ది రేపు రా అన్నాడు. చెప్పులేసుకుంటుంటే మా అక్క కొడుకుతో మెల్లగా అంటుండాడు, "నువ్వొక్కడివే వచ్చినప్పుడు మాట్లాడుకుందాం లేరా".