మంచును కాపాడింది చలి ఒక్కటే కాదు

బీకన్ లోయ వివాదానికి మూడు దశాబ్దాలు నిండాయి. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో ఒకటైన ఆ లోయలో, రాళ్లూ మట్టీ అడుగున పూడుకుపోయిన హిమానీనదపు మంచు వయసు 80 లక్షల ఏళ్ల పైమాటేనని 1995లో డేవిడ్ సగ్డెన్ బృందం 'నేచర్' పత్రికలో రాసింది. అంత పాత మంచు మిగలడం అసాధ్యమని మరో వర్గం కొట్టిపారేసింది. ఈ తగాదాలో నా ఓటు తవ్వి చూపించినవారికే.

ఆ నేలను కాస్త దగ్గరగా చూడండి. పైన గాలి కోతకు నున్నగా అరిగిన డోలరైట్ రాళ్లు. వాటి కింద ఇసుక, గులకరాళ్లు కలిసిన పొడి మట్టి. చాలాచోట్ల అర మీటరు తవ్వితే చాలు, పార అంచుకు మంచు తగులుతుంది. తవ్విన మట్టిలో తడి దాదాపు కనిపించదు. ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 22 డిగ్రీల పైనే. అయినా నడివేసవి ఎండకు పైనున్న రాళ్లు సున్నా దాటి వేడెక్కుతాయి. ఆ వేడి అర మీటరు దిగేలోపే నీరసించిపోతుంది. అడుగునున్న మంచు కరిగే దశకు రాదు.

ఇంతవరకైతే ఐసు దిమ్మను రంపపు పొట్టులో దాచే వ్యాపారి తెలివే ఇది. అయితే రంపపు పొట్టు వేడిని ఆపితే సరిపోతుంది. ధ్రువ ఎడారిలో అంతకన్నా పెద్ద శత్రువు పొడిగాలి. అక్కడ మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. పాఠ్యపుస్తకాల్లో ఉత్పతనం అని చదువుకున్నది ఇదే. కరగనంత మాత్రాన మంచు దక్కదు. వట్టి చలే కాపాడేదైతే బీకన్ లోయలో ఆ మంచు ఏనాడో గాలిలో కలిసిపోయేది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. హిమానీనదం తనతోపాటు రాళ్లూ మట్టీ మోసుకొస్తుంది. పైమంచు ఆవిరైన కొద్దీ దానిలోని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. అలా మిగిలిన రాళ్లే పొరగా పేరుకుంటాయి. ఆ పొర మందమయ్యే కొద్దీ ఆవిరి పైకి రావలసిన దారి పొడవవుతుంది. మట్టి రేణువుల సందుల్లోంచి మెలికలు తిరుగుతూ రావాలి కనుక నష్టం నానాటికీ నెమ్మదిస్తుంది. పోయిన మంచే ఉన్న మంచుకు కాపలా పెట్టి పోయిందన్నమాట. ఇంకో విశేషం, ఈ పొర కింది నుంచి పెరుగుతుంది. మంచు వదిలిన కొత్త రాళ్లు అడుగున చేరతాయి, పాతవి పైనే ఉండిపోతాయి. అందుకే పగుళ్లలో పడిన అగ్నిపర్వత బూడిద కదలకుండా నిలిచింది. ఆర్గాన్ ఐసోటోపులతో తేల్చిన దాని వయసు 81 లక్షల ఏళ్లు. అంటే కింది మంచు అంతకన్నా పాతదన్నమాట. అందులోని గాజు ముక్కల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. నీరు పారిన నేలలోనైతే అవి ఈపాటికి మట్టిగా మారి ఉండేవి.

అవతలి వాదనలో పస లేదని అనను. 1998లో రిచర్డ్ హిండ్‌మార్ష్, ఆయన సహచరులు ఉత్పతనపు లెక్క కట్టి, ఆ వేగానికి అంత పాత మంచు మిగలదన్నారు. ఏడాదికి ఒక్క మిల్లీమీటరు చొప్పున పోయినా 80 లక్షల ఏళ్లలో 8 కిలోమీటర్ల మందం మంచు మాయం కావాలి. అంత మంచు ఆ లోయలో ఎన్నడూ లేదు. బూడిద మరోచోట పడి తర్వాత అక్కడికి చేరిందేమోనన్న అనుమానమూ ఉంది.

కానీ ఆ లెక్క నిలబడాలంటే నష్టం రేటు అంతగా ఉండాలి. రాళ్లలో అంతరిక్షం నుంచి పడే కాస్మిక్ కిరణాలు వదిలిన ఐసోటోపుల గుర్తులను కొలిచి చూస్తే, నష్టం పది లక్షల ఏళ్లకు మీటర్లు, మహా అయితే పదుల మీటర్ల స్థాయిలోనే తేలింది. మిల్లీమీటరు లెక్క ప్రకారం అదే కాలానికి వెయ్యి మీటర్లు పోవాలి. తేడా ఒక మెట్టు కాదు, నిచ్చెనంత. పైగా అప్పుడప్పుడూ పడే మంచు వేసవిలో కాస్త కరిగి మట్టిలోకి దిగి మళ్లీ గడ్డకడుతుంది. ఆ తేమ ఉన్నన్నాళ్లూ కింది మంచుకు ఊరటే. అంటార్కిటికాలోనే మిల్లర్ పర్వతశ్రేణిలోని ఓంగ్ లోయలో పూడిన మంచుకు కూడా పది లక్షల ఏళ్లు దాటాయని ఇలాంటి కాస్మిక్ కిరణాల గుర్తులతోనే తేలింది. 2025లో అదే ఖండంలోని అలన్ కొండల్లో దొరికిన 60 లక్షల ఏళ్ల మంచు పూడుకుపోయిన రకం కాదు గానీ, అంత పాత మంచు ఉండనే ఉండదన్న మొండి వాదనకు అది కూడా సమాధానమే.

నాకు ఈ గొడవలో నచ్చేది వయసు పందెం కాదు. నేల అడుగున ఏముందో నేలను అడగాలి. 2008లో ఫీనిక్స్ వ్యోమనౌక అంగారకుడి మట్టిని కొద్ది సెంటీమీటర్లు గీకితే తెల్లటి ముక్కలు బయటపడ్డాయి. నాలుగు రోజుల్లో అవి మాయమయ్యాయి. అలా ఆవిరైపోయాయి కనుకనే అది ఉప్పు కాదు, మంచు అని తేలింది. మన చంద్రయాన్-3 చేసింది కూడా అలాంటి పనే. ఉష్ణోగ్రత కొలిచే చాస్టే పరికరం చంద్రుడి మట్టిలోకి దిగి చూస్తే, పైన 50 డిగ్రీలకు మించిన వేడి ఉన్నచోటనే 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలు కనిపించింది.

చంద్రుడి మట్టికి దక్కిన ఈ మర్యాద మన హిమాలయాలకు దక్కడం లేదు. భారత భూగర్భ సర్వే జాబితాలో హిమానీనదాలు 9,575 ఉన్నాయి. వాటిలో 2002 నుంచి కొలుస్తున్న, హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ లాంటివి వేళ్లమీద లెక్కపెట్టదగ్గవే. గంగోత్రి హిమానీనదం దిగువ భాగమంతా రాళ్ల కిందే ఉంది. రాళ్లు కప్పాయి కనుక మంచు భద్రమని కొందరు నిపుణులు టీవీ చర్చల్లో చెబుతుంటే బీకన్ లోయ గుర్తొచ్చి నవ్వొస్తుంది. హిమాలయం ధ్రువ ఎడారి కాదు. ఇక్కడ వాన ఉంది, వేసవిలో కరుగు నీరుంది. రాళ్ల పొర పలచగా ఉంటే మంచు ఇంకా త్వరగా కరుగుతుందని హిమానీనదాల శాస్త్రవేత్త గన్నర్ ఓస్ట్రెమ్ 1959లోనే చూపించాడు. మందంగా ఉన్నచోట కూడా పైన ఏర్పడే మడుగులు, రాళ్ల మధ్య బయటపడే మంచు గోడలు ఆ మేలును మింగేస్తున్నాయి. రాళ్లు కప్పిన హిమానీనదాలు కప్పనివాటితో సమానంగా పలచబడుతున్న చోట్లు హిమాలయాల్లో చాలానే ఉన్నాయి.

ఉపగ్రహ చిత్రం చూసి హిమానీనదం 'ముఖం', అంటే దిగువ అంచు, 'ఇంత వెనక్కి జరిగింది' అని ఏటా ఒక అంకె వేసుకుంటే సరిపోదు. ముఖం కదలకుండానే పైభాగం కుంగిపోవచ్చు. ఆ రాళ్ల మందం ఎక్కడెక్కడ ఎంతుందో, దాని కింద ఏ వేసవిలో ఎంత వేడి దిగుతోందో గుంటలు తవ్వి, థర్మామీటర్లు పాతి, అదే చోటికి ఏటా వెళ్లి కొలిచే మనుషులు కావాలి. వాళ్లకు జీతాలూ కావాలి.