సోలార్ ప్యానెల్ గారికి, కింది వాటా వారి విన్నపం

మహారాజశ్రీ సోలార్ ప్యానెల్ గారి దివ్యసముఖానికి,

పక్క డాబా మీద తమరు, ఈ ఇంటి కింది వాటాలో నేను. ఉభయకుశలోపరి.

భూమాతను కాపాడడానికే తమరు అవతరించారని అందరూ అంటున్నారు. తమ జాతకం నాకు తెలుసులెండి. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో పుట్టారు. పడిన ఎండలో 6 శాతమే కరెంటుగా మార్చగలిగేవారు. ధరేమో ఆకాశంలో ఉండేది, అందుకే ఉపగ్రహాల మీద కాపురం పెట్టారు. 1979లో తమ దాయాదుల్ని, నీళ్లు కాచే పలకల్ని, అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్ కప్పు ఎక్కించాడు. 1986లో, తర్వాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో, కప్పు మరమ్మతని దించారు. మరమ్మతు అయింది గానీ మళ్ళీ ఎక్కించలేదు!

తర్వాత 2000లో జర్మనీ, తమరిచ్చే కరెంటుకు 20 ఏళ్ల పాటు ఖాయమైన ధర ఇస్తానని చట్టం చేసింది. గిరాకీ పెరిగింది, చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాయి, 2010 తర్వాత పదేళ్లలో తమ ధర దాదాపు 90 శాతం పడిపోయింది. జనానికి భూమాత మీద భక్తి కూడా సరిగ్గా అప్పుడే ముంచుకొచ్చింది.

మిగతా భక్తి పక్కింటాయన పుణ్యం. ఒకరింటి మీద తమరు కనబడితే ఆ చుట్టుపక్కల ఇంకొందరు పెట్టించుకుంటారని కాలిఫోర్నియా లెక్కలు చూసిన పరిశోధకులు 2012లోనే తేల్చారు. కళ్లు కుట్టడం కూడా పర్యావరణానికి మంచిదేనన్నమాట.

నాకూ కుడుతున్నాయి, ఏం లాభం? డాబా ఇంటాయనది, బిల్లు నాది. తను పెట్టుబడి పెడితే మిగులు నాకు పోతుందని ఆయన పెట్టడు. నేను పెడితే, రేపు ఖాళీ చెయ్యమంటే తమర్ని నెత్తిన పెట్టుకుని ఎక్కడ తిరగను? పైగా తమ ఖర్చంతా ముందే కక్కాలి. సూర్యుడు బిల్లు పంపడు గానీ అప్పిచ్చినవాడు ఊరుకోడుగా! పేద దేశాల్లో ఎండ దండి, వడ్డీ అంతకంటే దండి. అదే ప్యానెల్, అదే ఎండ, అయినా యూనిట్ ఖర్చు అక్కడ పైకి పోతుంది.

డెన్మార్క్‌లో మిడిల్‌గ్రుండెన్ అని సముద్రంలో 20 గాలిమరలున్నాయి. వాటిలో సగం, వేలమంది మామూలు జనం కలిసి పెట్టుకున్న సహకార సంఘానివి. వాటా ఉన్న చెవికి రెక్కల చప్పుడు సంగీతంలా వినిపిస్తుంది కాబోలు.

కాబట్టి మనవి ఏమంటే, నా పేరన కూడా తమలో ఓ చిన్న వాటా రాయించండి. డాబా మీదే ఉండాలని పట్టు లేదు. బీడులోనో చెరువు మీదో తమరెక్కడున్నా, ఆ యూనిట్లు నా బిల్లులో తగ్గితే చాలు.

ఈ సంగతి ఇంటాయన చెవిన మాత్రం వెయ్యకండి. అద్దె పెంచుతాడు.

చిత్తగించవలెను,
కింది వాటా