ఆ ఉత్తరానికి జవాబే ఇవ్వకుండా ఉండాల్సింది

నా వాదన ముందే చెప్పేస్తా, తిట్టుకునేవాళ్లు తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. సినిమాని పాజ్ చేసి బాత్రూమ్‌కి వెళ్లే హక్కు ఏ రాజ్యాంగంలోనూ లేదు. ఆ హక్కుని అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో టేపులు కాపీ కొట్టిచ్చే వ్యాపారి ఒకాయన ఉత్తరం ముక్క రాసి సంపాదించి జనానికి పంచేశాడు, దీని మీద ఇప్పటిదాకా విచారణ కమిషన్ కాదు కదా కనీసం ఒక ఖండన ప్రకటన కూడా రాలేదు.

అంతకుముందు లోకం ఎంత పద్ధతిగా ఉండేదో చూడండి. 1972లో అమెరికాలో కార్ట్రివిజన్ అని ఒకటి వచ్చింది, టీవీ, టేప్ రికార్డర్ కలిపి ఒకే పెద్ద పెట్టె. దానికి అద్దెకిచ్చే సినిమా క్యాసెట్లు ఎర్రగా ఉండేవి, వాటిని ఇంట్లో రివైండ్ చేయడం కుదరదు. పొరపాటు కాదండీ, కావాలనే అలా చేశారు. ఒకసారి చూశారా, అయిపోయింది, మళ్లీ చూడాలనిపిస్తే షాపుకి మోసుకెళ్లి వాళ్ల మెషీన్‌తో వెనక్కి తిప్పించుకుని మళ్లీ డబ్బు కట్టాలి, మధ్యలో కునుకు పడితే ఆ సీన్ మీ జాతకంలో లేదనుకుని ఊరుకోవాలి. ప్రేక్షకుడికి భయం, భక్తి నేర్పిన మెషీన్ అది. కృతజ్ఞత లేని జనం దాన్ని కొనలేదు, ఏడాది తిరిగేసరికి మూతపడింది.

ఇక మన నిందితుడు ఆండ్రే బ్లే. 1968లో మాగ్నెటిక్ వీడియో అని కంపెనీ పెట్టుకుని టేపులు కాపీ చేసుకుంటూ బతుకుతున్నాడు, ఎవరికీ ఏ హానీ లేదు. 1975లో సోనీ వాళ్లు బీటామ్యాక్స్ అని, టీవీలో వచ్చేదాన్ని ఇంట్లోనే క్యాసెట్ మీద రికార్డ్ చేసుకునే మెషీన్ (వీసీఆర్) తెచ్చారు, ఆ వెనకే దానికి పోటీగా వీహెచ్‌ఎస్ వచ్చింది. జనం ఇళ్లలో మెషీన్లయితే పెట్టుకుంటున్నారు కానీ అందులో వేయడానికి టీవీలోంచి రికార్డ్ చేసుకున్నవి తప్ప ఏమీ లేవు. అది చూసి ఈయనకి పుట్టకూడని ఆలోచన పుట్టింది. 1977లో హాలీవుడ్ పెద్ద స్టూడియోలన్నిటికీ ఉత్తరాలు రాశాడు, మీ పాత సినిమాలు నాకిస్తే క్యాసెట్ల మీద అమ్ముకుంటానని. టైమింగ్ చూడండి, అప్పటికి యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు తమ సినిమాలు ఇళ్లలో కాపీ చేయిస్తోందని ఆ బీటామ్యాక్స్ మెషీన్ మీదే కోర్టుకెక్కి ఏడాది కూడా కాలేదు. ఇల్లు తగలబడిపోతోందని ఒకళ్లు అరుస్తుంటే బొగ్గులు అమ్ముతారా అని అడిగినట్టుంది.

మిగతా స్టూడియోలు మాత్రం హుందాగా ప్రవర్తించాయి, దేనివల్లా ఆయనకి పని జరగలేదు. ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ ఒక్కటే నోరు జారింది. 50 సినిమాలు ఇచ్చేసింది, ముందు 3 లక్షల డాలర్లు, ఏడాదికి కనీసం 5 లక్షలు, క్యాసెట్‌కి 7.50 డాలర్ల రాయల్టీ. పాపం వాళ్ల తప్పు కూడా లేదులెండి, ఇచ్చినవన్నీ అప్పటికే టీవీలో వచ్చేసిన సినిమాలు, అంటే వాళ్ల లెక్కలో అటక మీద పాత సామాను. పాత సామానుకి ఎదురు డబ్బిచ్చేవాడు గుమ్మంలోకొస్తే ఎవరు మాత్రం పొమ్మంటారు?

ఆయన టీవీ గైడ్ పత్రికలో యాడ్ వేశాడు, 10 డాలర్లు కట్టి క్లబ్‌లో చేరండి, క్యాసెట్ 49.95 అని. ఫ్రీగా టీవీలో వచ్చిన సినిమాకి అప్పట్లో 50 డాలర్లు ఎవడు పెడతాడు అని మీరూ నేనూ అనుకుంటాం. 13 వేల మంది చేరారు! ఆ 13 వేల మందిలో ఒక్కడైనా రెండు నిమిషాలు ఆలోచించి ఉంటే ఇవాళ మనకీ గతి పట్టేది కాదు.

ఇంతలో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ ఆట్కిన్సన్ అని ఇంకొకాయన తయారయ్యాడు. విల్షైర్ బులెవార్డ్‌లో చిన్న షాపు, ఆ 50 సినిమాల క్యాసెట్లూ కొనుక్కొచ్చి అద్దెకి పెట్టాడు. ఏడాదికి 50 డాలర్లు, జీవిత సభ్యత్వం 100, ఆపైన రోజుకి 10 డాలర్లు అద్దె. ఇదేంటండీ అన్యాయం అని అడిగితే చట్టం చూపించారు, అమెరికాలో కొనుక్కున్న కాపీని కొన్నవాడు అద్దెకిచ్చుకోవచ్చట, స్టూడియోకి పైసా ఇవ్వక్కర్లేదట. ఒక క్యాసెట్ వంద ఇళ్లు తిరిగొచ్చినా స్టూడియోకి దక్కేది మొదటిసారి అమ్మిన డబ్బే. కార్ట్రివిజన్ మహానుభావులు ఎర్ర డబ్బాలు ఎందుకు చేశారో ఇప్పుడర్థమైందా?

స్టూడియోల సంఘం పెద్ద జాక్ వాలెంటీ గారు 1982లో అమెరికన్ కాంగ్రెస్ ముందుకెళ్లి, ఒంటరిగా ఇంట్లో ఉన్న ఆడమనిషికి బోస్టన్ స్ట్రాంగ్లర్ ఎలాంటివాడో సినిమా నిర్మాతకి ఈ వీసీఆర్ అలాంటిది అని చెప్పారు. బోస్టన్ స్ట్రాంగ్లర్ అంటే ఆడవాళ్ల గొంతు నులిమి చంపిన హంతకుడు. పోలికలో కొంచెం మసాలా ఎక్కువైందని కొందరంటారు, నాకైతే తక్కువే అనిపించింది. అమెరికా సుప్రీంకోర్టు కూడా వినలేదు, ఆ బీటామ్యాక్స్ కేసులో 1984లో 5-4 తేడాతో సోనీ వైపు తీర్పిచ్చేసింది. ఒక్క జడ్జి, ఒకే ఒక్క జడ్జి అటు మారి ఉంటే! ఆ తర్వాత స్టూడియోలు పడిన యాతన వర్ణించలేం, ఆ దశాబ్దం చివరికల్లా థియేటర్ల టికెట్ల కంటే వీడియోల మీదే ఎక్కువ డబ్బు వచ్చిపడుతుంటే పళ్లబిగువున లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. గొంతు నులిమేవాడు నులుముతూనే జేబులో నోట్లు కుక్కుతుంటే బాధితుడు పోలీసుల్ని పిలవాలా వద్దా, చాలా ధర్మసంకటం.

ఫాక్స్ మాత్రం అంతకుముందే తేరుకుంది. 1979 వచ్చేసరికి సుమారు 72 లక్షల డాలర్లిచ్చి మాగ్నెటిక్ వీడియోనే కొనేసింది. అంటే తన పాత సామానుని అద్దెకిచ్చి, ఆ సామాను పెట్టుకోవడానికి అవతలాయన కట్టుకున్న ఇల్లు తనే కొనుక్కుందన్నమాట, దీన్ని దూరదృష్టి అంటారు. 1981లో బ్లే బయటికొచ్చేశాడు, 1982లో కంపెనీ పేరు కూడా మార్చేసి సీబీఎస్ అనే టీవీ కంపెనీతో కలిపేశారు.

ఆ ఎర్ర క్యాసెట్ల సంగతి ఒకటి మిగిలిపోయింది. ప్రేక్షకుడు రివైండ్ చేయకూడదని అంత కష్టపడి మెషీన్ చేశారా, పదేళ్లు గడిచేసరికి అదే దేశంలో వీడియో షాపులవాళ్లు రివైండ్ చేయకుండా తిరిగి తెచ్చినవాళ్లకి ఫైన్ వేయడం మొదలుపెట్టారు.