గంట కొట్టే ముందు ఒక్క బొమ్మ చూపించండి మేష్టారూ

అమలాపురం దగ్గర ఓ ఊరి సర్కారు బడి, మూడో తరగతి. ఆటిజం ఉన్న బాబు వాళ్లమ్మ, క్లాసు మేష్టారు, సాయంత్రం బడి వదిలాక కాలవ గట్టు మీద. నేను ఊహించి రాసిందే, కానీ ఈ వాదన చాలా ఊళ్లలో జరుగుతూనే ఉంటది.

తల్లి: డైరీలో రోజూ రెండు ముక్కలు రాయమన్నాను, అంతేగదండీ. ఏం తిన్నాడు, ఎక్కడ ఇబ్బంది పడ్డాడు అని. ఆడు ఇంటికొచ్చి చెప్పలేడు కదా.

మేష్టారు: రెండు తరగతులు నేనొక్కడినే చూస్తున్నానమ్మా. నోటుబుక్కులు, యాప్‌లో హాజరు, భోజనాల లెక్క, ఇంకెప్పుడు రాయను? మండలంలో ఇలాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రం ఉందిగా, ట్రైనింగ్ అయిన మేడం ఉంటారు, అక్కడికి తీసుకెళ్లండి.

తల్లి: ఎళ్తన్నామండి. ఆ మేడమే బొమ్మల కార్డులు నేర్పారు. శుభలేఖలు వెనకాల తెల్లగా ఉంటాయిగా, అవి కోసి నేనే గీశాను, గ్లాసు బొమ్మ అంటే నీళ్లు, చెవి మీద చెయ్యి బొమ్మ అంటే గోల ఎక్కువైందని. ఇంట్లో చక్కగా చూపిస్తాడు, బడిలో సంచిలోంచి తియ్యడు. ఈ పిల్లలకి ఒకచోట నేర్చింది ఇంకోచోట దానంతటది రాదండీ, అక్కడా ఇక్కడా ఒకేలా చేస్తేనే వస్తది.

మేష్టారు: కార్డులున్నాయని నాకు ఇప్పుడే తెలిసింది! జూన్‌లో చేర్చినప్పుడు మాటలు కొంచెం ఆలస్యమండీ అని ఊరుకున్నారు. గంట కొట్టగానే బెంచీ కిందకి దూరిపోతుంటే మొండితనం అనుకుని రెండుసార్లు అరిచాను. ఆ తప్పు నాదొక్కడిదేనా?

తల్లి: కాదండి, దాచాను. అంతకుముందు ఓ కాన్వెంటులో నిజం చెబితే ఫీజు చేతిలో పెట్టి పంపేశారు.

(ఆ భయం అర్థమవుతుంది, అయినా దాచినందువల్ల దెబ్బ తిన్నది బాబే. ఇక్కడ నేను మేష్టారి పక్షం.)

మేష్టారు: అలా పంపకూడదమ్మా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల్లో ఆటిజం ఉంది, గుర్తింపు ఉన్న బడులు తేడా చూపించకుండా చేర్చుకోవాలి, పిల్లాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చెయ్యాలి.

తల్లి: ఇంత తెలిసీ డైరీకి కాదంటారేంటండీ?

మేష్టారు: చట్టం వచ్చింది గానీ రెండో మేష్టారు రాలేదు కదమ్మా.

తల్లి: అయితే రాయొద్దులెండి. గంటకి ముందు గంట బొమ్మ చూపించండి, చాలు. ఇంట్లో కుక్కరు కూతకి అలాగే చేస్తాను, ముందే తెలిస్తే చెవులు మూసుకుని కూర్చుంటాడు, పారిపోడు. డైరీలో నేనే నాలుగు గళ్లు గీసి పంపుతాను, తిన్నాడు, తినలేదు, ఏడ్చాడు, కార్డు తీశాడు, మీరు టిక్కు పెట్టండి.

మేష్టారు: టిక్కులకి సరే, రోజూ అని మాత్రం మాటివ్వలేను. గంటగా కొట్టే ఆ రైలు పట్టా ముక్క వాడి కిటికీ పక్కనే వేలాడుతుంది, రేపే బెంచీ అటు గోడకి మార్పిస్తాను. తిండంటారా, పప్పు అన్నానికి తగిలితే ముట్టడు, గుడ్డు మాత్రం తింటాడు.

తల్లి: గుడ్డా? ఇంట్లో వాసనకే లేచిపోతాడండీ!

మేష్టారు: పక్కన కూర్చునే పిల్ల ఒలిచి, పచ్చసొన తీసేసి, తెల్లది చిన్న చిన్న ముక్కలు చేసి పళ్లెం అంచున పెడుతుంది. వాడు ఒక్కోటే తీసుకుంటాడు.

తల్లి: ఎవరి పిల్లండీ? ఆదివారం ఒకసారి మా ఇంటికి పంపమని అడుగుతారా?